మా కారు సప్లిమెంటరీలో పాసైన విధం

కర్నూలులో మా ఇంటి ముందు వేపచెట్టు నీడన నిలబడే మారుతి 800 కారు 1998 నాటిది, కార్బురేటర్ ఉన్నది. దానికి ఆరు నెలలకొకసారి పొల్యూషన్ సర్టిఫికెట్ తీసుకోవాలి. లేకుండా పట్టుబడితే 10,000 రూపాయల దాకా జరిమానా పడవచ్చునని విన్న నాటి నుండి, జరిమానాకు బదులు కారునే వాళ్లకు అప్పగించి రమ్మని మా బావమరిది సలహా ఇస్తూనే ఉన్నాడు.

ఈసారి నేను పరీక్షకు పిల్లవాణ్ణి తయారు చేసినట్లు కారును తయారు చేశాను. ఎయిర్ ఫిల్టర్ మార్పించి, మూడు సిలిండర్లకు మూడు కొత్త ప్లగ్గులు వేయించి, ఇంజిన్ చల్లగా ఉంటే పెట్రోలు సరిగా కాలదని ఎవరో చెప్పగా ఓర్వకల్లు దాకా పోయి వచ్చి, ఆ వేడి ఆరకముందే నంద్యాల చెక్‌పోస్టు వైపు ఉన్న పరీక్షా కేంద్రం ముందు నిలిపాను. ఆగి ఉన్నప్పుడు కూడా ఇంజిన్ గుర్రుమంటుంటే, కొత్త ప్లగ్గుల హుషారు కాబోలునని మురిసిపోయాను.

కుర్రవాడు సైలెన్సర్‌లో గొట్టం దూర్చాడు. ఇలాంటి పాతకాలపు కారుకు పొగలో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం వరకు చెల్లుతుంది. అంకె 3 దాటింది, 5 దాటింది, 6.2 దగ్గర స్థిరపడింది. ఎక్కువ మార్కులు వచ్చి తప్పడం నా జన్మలో అదే మొదటిసారి చూడటం.

"పెట్రోలు కాలడంల్యా సార్, అట్లే బయటికొస్తాంది" అన్నాడు కుర్రవాడు. మీ మిషనే సరిగా లేదని నేను గొంతు పెంచాను. అతడు మారుమాట లేకుండా నా వెనుక నిలిచిన కారుకు గొట్టం పెట్టాడు. అది క్షణంలో పాసైపోయింది, దాని యజమాని నన్ను చూసి మర్యాదగా దగ్గాడు.

ఫోను చేస్తే మెకానిక్ భాయ్ వచ్చాడు. బానెట్ వైపైనా పోకుండా, ముందు తలుపు తీసి లోపలికి తొంగిచూసి, "ఈడ ఈ సంచేంది సార్?" అన్నాడు. అది మా ఆవిడ కూరగాయల సంచి. అది తగిలించి ఉన్నది చోక్ పిడికి. సంచి జారిపోకుండా ఆమె ఆ పిడిని బాగా ముందుకు లాగి పెట్టింది. చలికాలం పొద్దున ఇంజిన్ అందుకోవడానికి గాలి తగ్గించి పెట్రోలు పెంచే ఆ పిడి, ఓర్వకల్లు దాకా పోయి వచ్చినంతసేపూ తన పని తాను శ్రద్ధగా చేసుకుపోయింది. నేను హుషారు అనుకున్నది దాని మహిమే.

భాయ్ సంచి తీసి నా చేతిలో పెట్టి, పిడిని లోపలికి నొక్కాడు. ఇంజిన్ నిమ్మళించింది. కుర్రవాడు మళ్లీ గొట్టం పెడితే 2.1 చూపించింది. నంబరు ప్లేటుతో సహా కారుకు ఫొటో తీసి, సర్టిఫికెట్ చేతికిస్తూ అతడు నా వైపు కాక సంచి వైపే చూశాడు.

కార్బురేటర్‌లో చిన్న సర్దుబాటు చేయించానని ఇంట్లో గంభీరంగా చెప్పాను. సాయంత్రం మార్కెట్‌కు బయలుదేరి కారులో కూర్చున్న మా ఆవిడ, సంచి చేతిలో పట్టుకుని కాసేపు వెతికి, "ఏమండీ, రిపేరు చేసినవాడెవడో గాని నా కొక్కెం లోపలికి తోసేసినాడే!" అంది.