శత్రువు తల మీద గీత ఉండాల్సిందే

‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్’ అనే ఆన్‌లైన్ ఆటలో డెడ్‌మైన్స్ అనే గని ఉంది. ఐదుగురు కలిసి దిగాలి. మేం మొదటిసారి దిగినప్పుడు ఇద్దరం హైదరాబాద్‌లో, ఒకరు విశాఖలో, మిగతా ఇద్దరు అమెరికాలో ఉన్నాం. సొరంగంలో ఒక గని కూలీ మీద పడ్డాం. ప్రాణం అడుగంటేసరికి అతడు వెనుదిరిగి పరుగు తీశాడు. ఎవరమూ ఆపలేదు. కాసేపటికే మరికొందరిని వెంటబెట్టుకొని వచ్చాడు. ఐదుగురమూ చచ్చిపోయాం.

రెండోసారి దిగేముందు మాలో ఒకరు కీబోర్డు మీద ‘వీ’ నొక్కమన్నారు. నొక్కగానే చుట్టూ ఉన్న ప్రతి శత్రువు తల మీదా ఒక ఎర్ర గీత తేలింది. దెబ్బ పడిన కొద్దీ గీత కుంచించుకుపోతోంది. ఈసారి అది ఐదో వంతుకు దిగక ముందే మా వారియర్ (యోధుడి పాత్ర ఆడేవాడు) హ్యామ్‌స్ట్రింగ్ అనే దెబ్బ వేసి కూలీ నడకను మందగింపజేశాడు. నాలుగు అడుగులు వేయకుండానే అతడు పడిపోయాడు. మా నైపుణ్యం రెండు ప్రయత్నాల మధ్య పెరిగిందేమీ లేదు. చూడగలిగింది పెరిగింది, అంతే.

మిగిలిన ప్రాణాన్ని చూపే ఈ తేలే గీతలను, అంటే హెల్త్ బార్లను, చాలామంది ఇష్టపడరు. వాళ్ల అభ్యంతరం తేలికైనదేమీ కాదు. కళాకారులు నెలల తరబడి చెక్కిన రాక్షసుడు ఎదురుగా ఉంటే, ఆటగాడి కళ్లు మాత్రం వాడి తల మీది గీతనే పట్టుకు వేలాడతాయని వాళ్లంటారు. అది నిజం. రెయిడ్‌లలో, అంటే పెద్ద జట్టుగా చేసే దాడుల్లో, నేను ఓడించిన కొన్ని బాస్‌ల (ప్రధాన శత్రువుల) ముఖాలు నాకిప్పుడు గుర్తుకు రావు. వాటి గీత ఎన్ని శాతం దగ్గర ఆగిపోయి మమ్మల్ని వెనక్కి పంపిందో మాత్రం గుర్తుంది.

అయినా గీత ఉండాలనే నేను అంటాను. ఎద్దు అలిసిపోయిందని రైతు దాని నోటి నురగ చూసి, డొక్కల ఎగపోత చూసి, అడుగు తడబాటు చూసి పసిగడతాడు. ఆటలోని శత్రువుకు చాలాసార్లు ఆ ఆనవాళ్లు ఉండవు. నూటికి నూరు శాతం ప్రాణంతో ఉన్నప్పుడు ఎలా కత్తి తిప్పుతుందో, ఒక్క శాతం మిగిలినప్పుడూ అలాగే తిప్పుతుంది. దేహం చెప్పని సంగతిని గీత చెబుతోంది. 1997 నాటి ‘అల్టిమా ఆన్‌లైన్’లోనే ఆటగాళ్లు జంతువు మీద మౌస్ పెట్టి దాని హెల్త్ బార్‌ను పక్కకు లాగి తెర మీద పెట్టుకునేవారు. ఈ అవసరం అంత పాతది.

దేహమే చెప్పేలా చేయవచ్చు కదా అంటే, చేయవచ్చు. ‘మాన్‌స్టర్ హంటర్’ ఆటలు అదే చేశాయి. 2018లో వచ్చిన ‘మాన్‌స్టర్ హంటర్: వరల్డ్’లో రాక్షసుడి తల మీద గీత ఉండదు. అలిసిపోతే చొంగ కారుస్తుంది, చావుకు దగ్గరపడితే కుంటుకుంటూ గూటికి పోతుంది. చూడటానికి ఎంత బాగుంటుందో! కానీ అక్కడ వేటగాళ్లు నలుగురికి మించరు, చాలాసార్లు వేట ఒకే ఒక్క రాక్షసుడి కోసం. అంత తీరిక ఉంటేనే కుంటు కనబడుతుంది. పైగా కంప్యూటర్‌లో ఆడేవారిలో కొందరు అక్కడా ఊరుకోలేదు, రాక్షసుడి ప్రాణాన్ని అంకెల్లో చూపే పరికరాలను బయటి నుంచి తయారు చేసుకున్నారు.

ఐదుగురి మీదికి పది మంది శత్రువులు ఒకేసారి వచ్చే చోట పరిస్థితి పూర్తిగా వేరు. 2016లో ‘లీజియన్’ అనే విస్తరణతో పాటు వార్‌క్రాఫ్ట్‌లోకి ‘మిథిక్ ప్లస్’ అనే కఠినమైన డంజన్లు (డెడ్‌మైన్స్ లాగే ఐదుగురు దిగే చోట్లు) వచ్చాయి. వాటిలో కొన్ని వారాలు ‘బోల్‌స్టరింగ్’ అనే నియమం ఉండేది. బాస్ కాని శత్రువు ఎవరు చచ్చినా, దగ్గరలో ఉన్న వాడి తోటివాళ్ల ప్రాణమూ దెబ్బ బలమూ 20 శాతం పెరుగుతాయి. ఇంకొకడు చస్తే మళ్లీ పెరుగుతాయి. ఒక గుంపులో ఆరుగురు చిన్నవాళ్లు, ఒక పెద్దవాడు ఉన్నారనుకోండి. అలవాటు కొద్దీ చిన్నవాళ్లను ముందు ఊడ్చేస్తే చివరికి మిగిలే పెద్దవాడు ఒక్క దెబ్బతో ట్యాంక్‌ను, అంటే జట్టు తరఫున దెబ్బలు కాచుకునేవాడిని, పడగొట్టేంత అవుతాడు. అందుకని అందరి ప్రాణాన్నీ సమంగా దించుకుంటూ రావాలి. ఎవడి గీత వేగంగా తరుగుతోందో చూసి వాడి మీద చేయి ఆపాలి. ఒకడి మీద కొట్టడం మానేయడం కూడా నైపుణ్యమే అయిన పోరు అది. గీతలు లేకుండా దాన్ని ఆడటం అసాధ్యం. ఇక్కడ గీత ఆటకు అలంకారం కాదు, ఆటే.

పెద్ద బాస్‌ల దగ్గర దీని పని ఇంకో రకంగా ఉంటుంది. వార్‌క్రాఫ్ట్‌లోని డ్రాగన్ ఒనిక్సియా 65 శాతం దగ్గర గాల్లోకి లేస్తుంది, 40 శాతం దగ్గర మళ్లీ నేలకు దిగుతుంది. 67 దగ్గర ఉండగానే నలభై మందీ సర్దుకోవాలి. జట్టు గాయాలు మాన్పే హీలర్ మంత్రశక్తి మిగుల్చుకోవాలి. ఆ అంకె అందరికీ ఒకేలా కనబడుతుంది కాబట్టే ఒకరి ముఖం ఒకరికి తెలియని నలభై మంది ఒక మాట మీద నడుస్తారు. వారియర్ ‘ఎగ్జిక్యూట్’ దెబ్బ 20 శాతం లోపే పనిచేస్తుంది. ఆ గడప కనబడకపోతే ఆ దెబ్బ ఉండీ లేనట్టే.

దాచిపెడితే ఏమవుతుందో కూడా మనకు అనుభవమే. తొలినాళ్ల వార్‌క్రాఫ్ట్ శత్రువు ప్రాణాన్ని శాతంగా మాత్రమే చూపేది, అసలు అంకె చెప్పేది కాదు. ఆటగాళ్లు ‘మాబ్‌హెల్త్’ అనే యాడాన్ (ఆటకు బయటి నుంచి తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) రాసుకున్నారు. మనం ఎంత దెబ్బ కొడితే శాతం ఎంత తగ్గిందో లెక్కగట్టి, అసలు ప్రాణమెంతో తేల్చి చెప్పేది అది. ఆట ఇవ్వనిదాన్ని తెలిసినవాళ్లు ఎలాగైనా తెచ్చుకుంటారు. తెలియనివాళ్లు, కొత్తవాళ్లు, యాడాన్లు అమర్చుకోవడం రానివాళ్లు మాత్రం చీకట్లో కొట్టుకుంటారు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. ఒకే జట్టులో ఉన్న ఇద్దరికి రెండు వేర్వేరు యుద్ధాలు కనబడకూడదు. పోరులో యాడాన్లు చేయగలిగే పనిని బాగా తగ్గించి, నేమ్‌ప్లేట్ల (తల మీద తేలే పేరు, గీత) వంటివాటిని ఆటలోనే మెరుగుపరుస్తామని వార్‌క్రాఫ్ట్‌ను తయారుచేసే బ్లిజార్డ్ 2025లో ప్రకటించింది. చాలామంది పాత ఆటగాళ్లకు కోపం వచ్చింది, నాకు సంతోషం కలిగింది. మొదటి రోజు ఆడేవాడికి కూడా పనికొచ్చే గీతను ఆటే ఇస్తే అంతకన్నా కావలసింది లేదు.

గీతలు ఉండాలని అంటున్నానే తప్ప, ఎలా ఉన్నా సరేనని అనడం లేదు. గుంపు దగ్గరపడితే ఒకదాని మీద ఒకటి పడి ఏ గీత ఎవరిదో తెలియకుండా పోతుంది. ఒకదాని పైన ఒకటి పేర్చితే తెర సగం మూసుకుపోతుంది. దగ్గరలో సర్వర్ లేని ఆటలను మన దేశం నుంచి ఆడేవారికి ఇంకో చిక్కు ఉంది. గీత చూపేది సర్వర్ పంపిన కబురు. కబురు అంత దూరం నుంచి వచ్చేలోపు అక్కడ ప్రాణం ఇంకొంచెం తరిగే ఉంటుంది. అందుకే 20 శాతం దగ్గర వేయాల్సిన దెబ్బకు మేం 22 దగ్గరే వేలు సిద్ధం చేసుకుంటాం.

రంగుల సంగతి మరీ ముఖ్యం. శత్రువుకు ఎరుపు, మనవాళ్లకు ఆకుపచ్చ అన్నది చాలా ఆటల్లో వాడుక. విశాఖలోని మా మిత్రుడికి ఆ రెండు రంగులకూ తేడా సరిగా తెలియదు. వార్‌క్రాఫ్ట్‌లో అతడు శత్రువుల గీతలను నారింజకు, మనవాళ్లవాటిని నీలానికి మార్చుకొని మూడేళ్లు మాకు హీలర్‌గా నిలిచాడు. నిరుడు అందరం కలిసి ఇంకో కొత్త ఆటలోకి వెళ్లాం. అందులో గీతల రంగు మార్చుకునే వీలు లేదు. అతడు రెండు వారాలు ప్రయత్నించాడు. ఒకసారి ట్యాంక్ ప్రాణం పోతుంటే శత్రువు గీత చూసి ‘ఇంకా నిండుగానే ఉంది కదా’ అన్నాడు. ఆ తర్వాత మాతో దిగలేదు.