లక్ష్మీసమానురాలైన లక్క ప్లేటు గారికి

వార్నర్ బ్రదర్స్ వారి సినిమాలకి పక్కనే తిరుగుతూ శబ్దం అందించే వైటాఫోన్ లక్క ప్లేటు గారికి, ప్రొజెక్టర్ క్యాబిన్ నుంచి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. మీ కుశలం ఇరవై ఆటల వరకేనని మీ లేబుల్ మీద ఆటకొకటి చొప్పున కొట్టేసే గళ్లే చెబుతున్నాయి కాబట్టి త్వరగా విషయానికి వస్తాం.

1926 ఆగస్టు 6న న్యూయార్క్ వార్నర్స్ థియేటర్లో ‘డాన్ జువాన్’ మొదటి ఆట. జనం చూడ్డానికి వచ్చింది హీరో జాన్ బారీమోర్‌ని. ఆయనకి 44, నాయిక మేరీ ఆస్టర్‌కి 20. ఈ తేడా తెలుగు ప్రేక్షకుడికి కొత్త కాదు గనక ముందుకు పోదాం. బోర్జియా వంశం పెత్తనం చేసే రోములో ఆయన కత్తి దూస్తాడు, మెట్ల మీంచి దూకుతాడు, చెరలోంచి తప్పించుకుంటాడు. మధ్యలో ఖాళీ దొరికితే ముద్దు. మొత్తం 127 అని కొందరు, 191 అని కొందరు. ఆ తేడా 64 ముద్దులు ఎక్కడ పోయాయో చెప్పేవాళ్లు లేరు. కత్తుల ఖణఖణ వినిపిస్తుంది, గంటలు వినిపిస్తాయి, న్యూయార్క్ ఫిల్‌హార్మానిక్ వాళ్ల వాద్యాలు వినిపిస్తాయి. మనిషి మాట మాత్రం వినపడదు, అదంతా టైటిల్ కార్డుల మీదే.

అక్కడే మీ గుట్టు తెలిసింది. మాట్లాడే నోటికి శబ్దం కాస్త వెనకబడితే నేల క్లాసు మొత్తం ఈలలేస్తుంది. ముద్దుకి వయొలిన్ అర సెకను ఆలస్యంగా వచ్చిందని ఏ ప్రేక్షకుడు ఫిర్యాదు చేస్తాడు? ఆ ఆలస్యం కూడా విరహంలో భాగమే అనుకుంటాడు. మూకీగా తీసిన సినిమాకి విలియం ఆక్స్ట్, డేవిడ్ మెండోజాల సంగీతం తర్వాత అతికించి, హీరో పెదవులకి వేరే పని అప్పజెప్పారు. లోకంలో ఇంతమంది వీరులుండగా మీ అరంగేట్రానికి ఈ రసికశిఖామణి ఎందుకు కుదిరాడా అంటే, మాకు తోచిన జవాబు ఇదే.

పైగా జోడీ చూడండి. తెర మీద ఆయన ఏ స్త్రీకీ కట్టుబడడు. క్యాబిన్‌లో మీరు ఒకే ఒక్క రీలుకి కట్టుబడతారు. పది రీళ్ల సినిమాకి పది మంది మీరు. నాలుగో ప్లేటు నాలుగో రీలుకే, పొరపాటున ఐదో రీలు పక్కన కూర్చోబెడితే కత్తియుద్ధానికి జోలపాట పాడతారు. అలాంటి నిష్ఠ తెర మీద ఒక్క సీనులో ఉన్నా కథ రెండో రీలుకే శుభం కార్డు పడేది.

మీ సేవ ఎలా చెయ్యాలో కొత్త ఆపరేటర్ల కోసం ఇక్కడే రాస్తున్నాం, కోప్పడకండి. రీలు మొదట్లో ‘స్టార్ట్’ అని రాసిన ఫ్రేము సరిగ్గా గేటులో, అంటే ప్రొజెక్టర్ దీపం ముందు, నిలవాలి. కొత్త ఉక్కు ముల్లు బిగించాలి, పాతది పనికిరాదు. ఆ ముల్లుని ప్లేటు మీది బాణం గుర్తు దగ్గర దించాలి. బాణం అంచున కాదు, లోపల లేబుల్ పక్కన ఉంటుంది. మామూలు గ్రామఫోన్ ప్లేట్లు బయట మొదలై లోపలికి నడిస్తే, పదహారంగుళాల మీరు లోపల మొదలై బయటికి నడుస్తారు. ఇది పొగరనుకున్నాం గానీ కారణం ఉంది. లోపలి చుట్లలో శబ్దం ఇరుకిరుగ్గా ఉంటుంది, అక్కడ ముల్లు వాడిగా ఉండాలి. అరిగాక విశాలమైన బయటి చుట్లలో ఎలాగో నెట్టుకొస్తుంది. ఇక ఒకే మోటారు ప్రొజెక్టర్నీ మిమ్మల్నీ కలిపి తిప్పుతుంది. మీకు నిమిషానికి 33⅓ చుట్లు, ఫిల్ముకి 90 అడుగులు. వెయ్యడుగుల రీలుకి దాదాపు 11 నిమిషాలు. అంతకు ముందు ఆపరేటర్ చివరి ఆటని తొందరగా తిప్పి ఇంటికెళ్లేవాడు. ఆ సుఖం మీ వల్లే పోయింది.

ఇప్పుడు అసలు మొర. ముల్లు ఒక్క గాడి ఎగిరితే చాలు, ఒక చుట్టు పోయినట్టే. అంటే 1.8 సెకన్లు, 43 ఫ్రేములు. ఆ రీలు అయ్యేదాకా దానికి మందు లేదు. కత్తి తగిలిన శబ్దం ముందొస్తుంది, కత్తి తర్వాతొస్తుంది. ఫిల్ము తెగితే ఇంకో తంటా. మూకీ రోజుల్లో చిరిగిన నాలుగు ఫ్రేములు కత్తిరించి అతికిస్తే ఎవరికీ తెలిసేది కాదు. మీ రాజ్యంలో ఆరు ఫ్రేములు కోస్తే పావు సెకను తేడా, అలా రెండు మూడు అతుకులు పడితే సంగీతం ఒక దారి, బొమ్మ ఒక దారి. అందుకని కోసినన్ని ఫ్రేములూ లెక్కపెట్టి అంతే నల్ల ఫిల్ము చేర్చాలి. ముద్దు మధ్యలో తెర నల్లబడితే సెన్సారు వాళ్ల పని అనుకుని జనం మమ్మల్ని వదిలేసేవారు, అదొక్కటే అదృష్టం.

సెన్సారు అంటే గుర్తొచ్చింది. ఆ మొదటి రాత్రి అసలు సినిమాకి ముందు వేసిన చిన్న ఫిల్ముల్లో మీ నోటితో ప్రసంగించిన పెద్దమనిషి ఎవరు? నిర్మాతల సంఘం అధ్యక్షుడు విల్ హేస్. మాట ఆయనకిచ్చి, ముద్దులు బారీమోర్‌కిచ్చారు. 1930లో ఆ హేస్ గారి పేరు మీదే వచ్చిన నియమావళి మితిమీరిన ముద్దులు కూడదంది. 127తో మితి మీరిందో, 191తో మీరిందో అందులో రాయలేదు.

అన్నట్టు, ఈ కాపురం మీతోనే మొదలైందని మురవకండి. 1910 ప్రాంతంలోనే మచిలీపట్నం బిడ్డ రఘుపతి వెంకయ్య మద్రాసులో క్రోనోమెగాఫోన్ అనే ఫ్రెంచి యంత్రంతో ప్లేటుని బొమ్మకి జతచేసి చూపించారు. దానికి గొంతు పెంచింది ఒత్తిడి గాలి, మీకు పెంచింది కరెంటు వాల్వులు. అది పాడింది కొద్ది నిమిషాల తునకలు, మీరు పదకొండు నిమిషాలు. తేడా పెద్దదే, ఒప్పుకుంటాం.

మరుసటి ఏడు అదే దర్శకుడు, అలన్ క్రాస్‌లాండ్, ‘ది జాజ్ సింగర్’లో గాయకుడు అల్ జోల్సన్ చేత పాడించి మాట్లాడించాడు. అప్పటినుంచి ప్రతి థియేటర్లో అందరి కళ్లూ పెదవుల మీదే. మీ పక్కన నిలబడ్డ మాకు చెమటలు. క్యాబిన్ నుంచి కిందికి చూస్తే, మూకీలకి వాయించే వాద్యగాళ్ల కుర్చీలు ఖాళీ అవుతున్నాయి. నాలుగైదేళ్లలో ఫిల్ము అంచునే శబ్దపు గీత వచ్చి కూర్చుంది. తెగితే బొమ్మా శబ్దమూ కలిసే తెగుతాయి, కలిసే అతుకుతాయి. మీ వార్నర్ వాళ్లే ఆవిడని ఇంటికి తెచ్చుకున్నారు. డాన్ జువాన్ సినిమా తీసినవాళ్ల దగ్గర ఇంతకంటే ఏం ఆశించారు తల్లీ?

ఇట్లు,
ముల్లు మార్చి మార్చి వేళ్లు పొక్కినవారు

తా.క.: ఏడో రీలు ఎక్కించాం. ఆరో ప్లేటు ఇంకా తిరుగుబల్ల మీదే ఉంది. దయచేసి దిగండి.