కేబిన్ కాదు, ముందు రేవు చూడండి

డాన్యూబ్ నది క్రూజ్ ప్రకటనలు చూడండి. పేర్లు ఘనంగా ఉంటాయి: ప్రాగ్, మ్యూనిక్, సాల్జ్‌బర్గ్, వియన్నా, బుడాపెస్ట్. వీటిలో మొదటి మూడూ డాన్యూబ్ ఒడ్డున లేనే లేవు. ప్రాగ్ ఉన్నది వల్తావా మీద, మ్యూనిక్ ఈజార్ మీద, సాల్జ్‌బర్గ్ సాల్జాఖ్ మీద. అక్కడికి వెళ్ళేది ఓడ కాదు, బస్సు. జర్మనీ సరిహద్దు ఊరు పాసౌలో దించి సాల్జ్‌బర్గ్ బస్సెక్కిస్తే పోను సుమారు రెండు గంటలు, రాను రెండు గంటలు. నది చూద్దామని లక్షలు పోసి హైవే చూసి రావడం అన్నమాట.

అమ్మానాన్నల షష్టిపూర్తికో, పెళ్ళయి పాతికేళ్ళయిందనో యూరప్ నది క్రూజ్ బుక్ చేసే తెలుగువాళ్ళు ఇప్పుడు బాగానే ఉన్నారు. ఏజెంటుని మొదట అడిగే ప్రశ్న మాత్రం ఎప్పుడూ ఒకటే: "బాల్కనీ ఉంటుందా అండీ?" ఈ ప్రశ్న మీదే నా గొడవంతా.

నది ఓడ గురించి ముందు కొంత తెలియాలి. మధ్య యూరప్‌లో తిరిగే పెద్ద ఓడలు సుమారు 135 మీటర్ల పొడవు, 11.4 మీటర్ల వెడల్పు ఉంటాయి. ఆ వెడల్పు ఎవరో సరదాకి పెట్టింది కాదు. రైన్ నది నుంచి డాన్యూబ్‌కి వెళ్ళే మైన్-డాన్యూబ్ కాలువ (1992లో పూర్తయింది) లాకుల వెడల్పు 12 మీటర్లు. అటూ ఇటూ ఒక మూర కూడా సందు ఉండదు. లాకులంటే కోనసీమ వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం, విజ్జేశ్వరం దగ్గర తలుపులు మూసి, నీటిమట్టం సరిచేసి పడవని దించే ఏర్పాటే ఇది, కాకపోతే కొలతలు పెద్దవి. పాసౌ నుంచి వియన్నా రేవు వరకు లాకులు తొమ్మిది ఉన్నాయి. ఓడ లాకులోకి దిగినప్పుడు మీ బాల్కనీ ముందు కనిపించేది తడిసిన కాంక్రీటు గోడ. రాత్రిపూట గోడకి ఒరుసుకున్న చప్పుడుకి నిద్రలేచి ఏమైందోనని కంగారు పడొద్దు, అది మామూలే.

ఇక రేవులో కట్టినప్పుడు సంగతి. సీజన్‌లో వియన్నా, బుడాపెస్ట్‌ లాంటి చోట్ల స్థలం చాలక ఓడని ఓడ పక్కనే కట్టేస్తారు, రెండూ మూడూ వరసగా. అప్పుడు మీ బాల్కనీ లోంచి కనిపించేది పక్క ఓడలో ఆయన తుడుచుకుంటున్న తువ్వాలు. ఒడ్డుకి వెళ్ళాలంటే ఆ ఓడ లాబీ లోంచి నడిచి వెళ్ళాలి. పైగా ఓడ సాగేది ఎక్కువగా రాత్రిళ్ళు, అప్పుడు మీరు నిద్రలో ఉంటారు. పగలు నది అందం చూడాలంటే పైన సన్ డెక్ ఉంది, దానికి అందరూ సమానమే. నీటిమట్టం పెరిగి వంతెనలు తక్కువ ఎత్తులో తగిలేచోట మాత్రం దాన్ని మూసేస్తారు. కాబట్టి కింది డెక్కులో తెరుచుకోని చిన్న కిటికీ కేబిన్ తీసుకుని, మిగిలిన డబ్బు ఒడ్డు మీద ఖర్చు పెట్టుకోవడం నా లెక్కలో తెలివైన పని. ఒక్క జాగ్రత్త: ఓడ వెనక కొసన, ఇంజను పక్కన ఉన్న కేబిన్ వద్దు. పెద్దవాళ్ళుంటే ఇంకొకటి. చాలా ఓడల్లో లిఫ్టు కింది డెక్కు దాకా రాదు, సన్ డెక్కు దాకా పోదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి మధ్య డెక్కే తీసుకోండి, ఆ డబ్బు వృథా కాదు.

బాల్కనీ బదులు అడగాల్సింది మూడే ముక్కలు, ప్రతి ఊరికీ విడివిడిగా: ఏ రేవులో కడతారు, ఎన్నింటికి చేరుతుంది, ఆఖరున ఎన్నింటిలోపు ఎక్కాలి. "వియన్నా, ఒక రోజు" అని రాసి ఉన్నది పొద్దున ఎనిమిది నుంచి మధ్యాహ్నం ఒంటిగంట కావచ్చు, రాత్రి పదకొండు దాకా కూడా కావచ్చు. ధర ఒకటే, చేతికొచ్చే ఊరు వేరు.

వియన్నా విషయంలో రేవు పేరు మరీ ముఖ్యం. పంతొమ్మిదో శతాబ్దంలో వరదల బాధ పడలేక డాన్యూబ్‌ని తిన్నగా తవ్విన కొత్త దారిలోకి మళ్ళించారు. అందుకే అసలు నది పాత ఊరికి దూరంగా ఉంటుంది. ఓడలు ఎక్కువగా రైక్స్‌బ్రూకె వంతెన దగ్గర హాండెల్స్‌కై రేవులో ఆగుతాయి. అక్కడ దిగి చుట్టూ చూస్తే రోడ్డు, అపార్టుమెంట్లు తప్ప ఏమీ ఉండవు. చాలామంది ఇక్కడే బెదిరి ఓడవాళ్ళ బస్సెక్కేస్తారు. అవసరం లేదు. నడిచి వెళ్ళేంత దూరంలో ఫోర్‌గార్టెన్‌ష్ట్రాసె మెట్రో స్టేషన్, యు1 లైను. నాలుగో స్టేషన్ ష్టెఫాన్స్‌ప్లాట్జ్. మెట్లెక్కి బయటికి రాగానే సెయింట్ స్టీఫెన్స్ కేథడ్రల్. దాని దక్షిణ గోపురం ఎక్కాలంటే 343 మెట్లు. ష్యోన్‌బ్రున్ ప్యాలెస్ చూడాలనుకుంటే అదే యు1లో కార్ల్స్‌ప్లాట్జ్ దాకా వెళ్ళి యు4 మారండి, స్టేషన్ పేరే ష్యోన్‌బ్రున్. ప్యాలెస్ టికెట్ల మీద లోపలికి వెళ్ళే సమయం వేసి ఉంటుంది, అందుకని ఇంటి దగ్గరే ఆన్‌లైన్లో కొనుక్కోండి. కొనేటప్పుడు ఓడ చేరే సమయానికి కనీసం రెండు గంటల తర్వాతి స్లాట్ తీసుకోవాలి. లాకు దగ్గర క్యూ ఉంటే ఓడ ఆలస్యం కావడం వింతేమీ కాదు.

కాగితం టికెట్ కొంటే యంత్రంలో ముద్ర వేయించుకోవడం మరిచిపోవద్దు. కొన్నాం కదా అని జేబులో పెట్టుకుంటే ఇన్స్పెక్టరు దృష్టిలో మీరు టికెట్ లేనివాళ్ళే. బుడాపెస్ట్‌లోనూ ఇదే తంతు.

ఓడవాళ్ళ ఉచిత టూర్ల సంగతి. మెడలో రిసీవరు, చెవిలో ఇయర్‌ఫోన్, ముందు కర్రకి అంటించిన నంబరు, ముప్పై మంది మంద. ఈ మందలో అందరికన్నా నెమ్మదిగా నడిచే మనిషి వేగమే అందరి వేగం. అలాగని పూర్తిగా మానేయమనను. నేను పాటించే కొలత ఇది: రేవు నుంచి చూడాల్సిన చోటికి నడిచి ఇరవై నిమిషాల్లో వెళ్ళగలిగితే టూరు వదిలేయండి, అంతకు మించితే, మెట్రో కూడా లేకపోతే, వాళ్ళ బస్సే మేలు. ఓడ తాలూకు బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఓడ ఆగుతుంది. మీరు సొంతంగా ఎక్కిన రైలు ఆలస్యమైతే ఆగదు.

ఈ కొలతతో చూస్తే పాసౌలో టూరు అక్కర్లేదు. డాన్యూబ్, ఇన్, ఇల్జ్ నదులు మూడూ కలిసే ఊరు, రేవు పాత ఊరిని ఆనుకునే ఉంటుంది. మూడు నీళ్ళ రంగులూ తేడాగా కనిపించే కొస దాకా నడిచి వెళ్ళొచ్చు. సెయింట్ స్టీఫెన్స్ కేథడ్రల్‌లో (ఇది పాసౌది, వియన్నా గుడితో కలిపేసుకోకండి) 17,974 గొట్టాలున్న ఆర్గన్ ఉంది. మే నుంచి అక్టోబరు వరకు, ఆదివారాలూ సెలవులూ తప్ప, మధ్యాహ్నం 12కి అరగంట కచేరీ. మీ ఓడ పాసౌలో పన్నెండింటికి ఉంటుందా ఉండదా అన్నది ఒక్కటే ప్రశ్న. పాత మున్సిపల్ భవనం గోడ మీద వరద గుర్తులు ఉంటాయి, అవీ చూడండి. 2013 జూన్‌లో నీళ్ళు 12.89 మీటర్ల మట్టానికి లేచాయి. భద్రాచలం దగ్గర గోదారి మట్టం అడుగుల్లో చదివి పెరిగినవాళ్ళకి ఆ గోడ వేరే వివరణ లేకుండానే అర్థమవుతుంది.

ఆస్ట్రియాలోని లింజ్ నుంచి చెక్ దేశపు పాత ఊరు చెస్కీ క్రుమ్లోవ్‌కి బస్సు గంటన్నర, అది ఓడవాళ్ళతోనే వెళ్ళండి. అదే లింజ్ నుంచి సాల్జ్‌బర్గ్‌కి రైలు గంటంబావు లోపే. ఊరి చౌరస్తాలో ట్రామెక్కితే స్టేషన్‌కి పోతుంది. ఓడ రాత్రి దాకా లింజ్‌లోనే ఉంటే ఈ రైలు చవక, హాయి. సాయంత్రం నాలుగింటికే కదిలేదైతే దాని జోలికి పోకండి.

వాఖౌ లోయ దగ్గర కాస్త ఆగి చెప్పాలి, ఈ ప్రయాణం మొత్తానికి ప్రాణం అదే. మెల్క్ నుంచి క్రెమ్స్ దాకా సుమారు 36 కిలోమీటర్లు. కొండవాలుల మీద మెట్లు మెట్లుగా ద్రాక్ష తోటలు, మధ్యలో ఆప్రికాట్లు. 2000లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. ఇక్కడ ఆనకట్ట లేదు, నది స్వేచ్ఛగా పారుతుంది. పాపికొండల దగ్గర లాంచీ మలుపు తిరిగినప్పుడు కలిగే ఆ నిశ్శబ్దం ఇక్కడ దొరుకుతుంది. ఈ భాగాన్ని చీకట్లో దాటించేసే షెడ్యూళ్ళు కూడా ఉన్నాయి! బుక్ చేసే ముందే "వాఖౌ పగలేనా?" అని అడిగి, జవాబు మెయిల్లో తీసుకోండి. దిగువకి వెళ్ళేటప్పుడు రెండు గంటల లోపే అయిపోతుంది, ఎగువకి ఎదురీదేటప్పుడు మూడు గంటలదాకా పడుతుంది. అందుకే బుడాపెస్ట్ నుంచి పాసౌ వైపు వెళ్ళే ప్రయాణం నాకు ఎక్కువ నచ్చుతుంది: అదే లోయ, అదే డబ్బు, ఇంకో గంట ఎక్కువ.

మెల్క్‌లో కొండ మీది మఠం లోపల గ్రంథాలయం ఉంది, ఫోటోలు తీయనివ్వరు, గైడుతో వెళ్తేనే అర్థమవుతుంది. ఇక్కడ మాత్రం టూరుకి నా ఓటు. డ్యూర్న్‌స్టైన్‌లో వద్దు. అది రెండు వీధుల ఊరు. ఇంగ్లండు రాజు రిచర్డ్‌ని 1192 చివర్లో బంధించిన కోట శిథిలం పైన ఉంది. ఎక్కడానికి అరగంట, దారి నిటారు, రాళ్ళు జారుడు, చెప్పులతో కుదరదు. గుంపు వైన్ రుచి చూసే లోపు మీరు పైకి వెళ్ళి దిగి రావచ్చు. ఒక మెలిక ఉంది. ఓడ కొన్నిసార్లు మిమ్మల్ని డ్యూర్న్‌స్టైన్‌లో దించి తను క్రెమ్స్‌కి వెళ్ళి ఆగుతుంది. దిగిన రేవులోనే ఓడ ఉంటుందన్న భరోసా నదిలో లేదు. గది కార్డుతో పాటు ఆ రోజు ప్రోగ్రాం కాగితాన్ని ఫోటో తీసుకునే దిగండి. రేవు పేరు, ఓడ ఫోన్ నంబరు దాని మీదే ఉంటాయి.

బ్రాటిస్లావా గురించి చెప్పేదేం పెద్దగా లేదు. రేవు నుంచి పాత ఊరు పది నిమిషాలు, మూడు గంటలు చాలు, యూరోలే నడుస్తాయి.

బుడాపెస్ట్‌లో నడిచేది ఫోరింట్. యూరోలు తీసుకునే కొట్లు ఉంటాయి, వాళ్ళిచ్చే రేటు మాత్రం దోపిడీ. కార్డు గీస్తే యంత్రం "రూపాయల్లో కట్టమంటారా?" అని మర్యాదగా అడుగుతుంది. వద్దనండి, ఫోరింటే నొక్కండి, లేదంటే మారకం రేటు ఆ యంత్రం వాడి ఇష్టం. పెస్ట్ వైపు, అంటే నది తూర్పు గట్టు వెంబడి 2వ నంబరు ట్రాము ఉంది, చాలా రేవుల పక్కనుంచే పోతుంది. డేయాక్ చౌరస్తా నుంచి 16వ నంబరు బస్సు పడమటి గట్టున ఉన్న బూడా కొండ మీదికి తీసుకెళ్తుంది. పార్లమెంటు లోపల చూడాలంటే వారాల ముందే కొనుక్కోవాలి. యూరోపియన్ యూనియన్ పౌరులు కానివాళ్ళకి టికెట్ ధర ఎక్కువ, కౌంటరు దగ్గర వాదించి లాభం లేదు. చీకటి పడ్డాక ఓడ ఎగువ నుంచి ఊళ్ళోకి వస్తుంటే ఎడమ పక్క పార్లమెంటు, కుడి పక్క కోట. ఏ బాల్కనీలోనూ రెండూ కనిపించవు. సన్ డెక్ మీదికి రండి, స్వెట్టరు వేసుకుని.

ఇప్పుడు ప్రకటనల్లో చిన్న అక్షరాల్లో దాక్కునే విషయం. నీళ్ళు తగ్గితే ఓడ నేలకి తగులుతుంది, పెరిగితే వంతెన కింద పట్టదు. రెండు సందర్భాల్లోనూ మిమ్మల్ని బస్సులో ఎక్కించి అవతల ఉన్న ఇంకో ఓడలోకి మారుస్తారు, లేదా కట్టేసిన ఓడనే హోటల్ చేస్తారు. 2024 సెప్టెంబరు వరదల్లో డాన్యూబ్ మీద ఇదే జరిగింది. చాలా కంపెనీల షరతుల్లో దీనికి పరిహారం ఉండదు. జర్మనీలో ష్ట్రౌబింగ్ నుంచి ఫిల్స్‌హోఫెన్ దాకా ఆనకట్టలు లేని ముక్క ఒకటుంది, ఎండాకాలం చివర్లో అక్కడే మొదట ఇరుక్కుంటారు. న్యూరెంబర్గ్, రీగెన్స్‌బర్గ్‌ల నుంచి బయల్దేరే ఓడలు దాన్ని దాటాలి. పాసౌ నుంచి బయల్దేరేవి దాటక్కర్లేదు. ఆగస్టు, సెప్టెంబరుల్లో వెళ్ళేవాళ్ళు ఈ ఒక్క తేడా చూసి ఎంచుకుంటే సగం తలనొప్పి తప్పుతుంది.

వీసా: పాసౌ నుంచి బుడాపెస్ట్ దాకా నాలుగు దేశాలూ షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) లోవే. ఎక్కువ రాత్రులు గడిపే దేశానికి దరఖాస్తు చేయాలి, ఈ దారిలో అది తరచుగా ఆస్ట్రియా అవుతుంది. రాత్రులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశం. బుడాపెస్ట్ దాటి దిగువకి వెళ్తే సెర్బియా షెంగెన్‌లో లేదు. సింగిల్ ఎంట్రీ వీసాతో బెల్‌గ్రేడ్‌లో దిగారంటే మళ్ళీ లోపలికి రావడం కష్టం.

తిండి సంగతి. శాకాహారం అని బుకింగ్‌లో రాయిస్తే చాలదు, ఎక్కిన రోజే రెస్టారెంట్ మేనేజరుకి "చేప, గుడ్డు, మాంసం ఉడికించిన నీళ్ళతో చేసిన సూపు, ఏవీ వద్దు" అని విడమర్చి చెప్పాలి. లేకపోతే రెండో రోజు సూపులోనే దొరికిపోతారు. ఆవకాయ, కందిపొడి పట్టుకెళ్ళండి, డబ్బా సూట్‌కేసులో పెట్టి మూత చుట్టూ టేపు వేసి. నెయ్యి, పాలకోవా మాత్రం వద్దు: బయటి దేశాల నుంచి పాల పదార్థాలూ మాంసమూ తేవడం యూరోపియన్ యూనియన్‌లో నిషేధం. పచ్చి కరివేపాకుకి కూడా మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతారు. పొడిలో వేయించి కొట్టిన కరివేపాకుకి ఆ బెడద లేదు.