హైలైటర్ ఎక్కడ ఆగిందో చూడండి

బెంగళూరులో మనవాళ్లు ఇద్దరు కలిస్తే ఒకప్పుడు మీదే ఊరు, ఏ కాలేజీ అని అడిగేవాళ్లు. ఇప్పుడు "ఏం చదువుతున్నావు బాసూ" అంటున్నారు, పొరపాటున నవల పేరు చెప్పారా, మీ కెరీర్ మీద జాలిపడి మాట మార్చేస్తారు. అందుకని సాటి తెలుగువారి క్షేమం కోరి, బిజినెస్ పుస్తకం ఎంచుకునే శాస్త్రాన్ని ఇక్కడ విన్నవిస్తున్నాను.

కొత్తది కొనకండి. చర్చ్ స్ట్రీట్‌కి వెళ్లి బ్లాసమ్‌లోనో బుక్‌వర్మ్‌లోనో సెకండ్ హ్యాండ్ అరల ముందు నిలబడి పేజీలు తిప్పండి. మొదటి అధ్యాయంలో ప్రతి రెండో లైనుకీ పసుపు హైలైటర్, రెండోదాంట్లో అక్కడో గీత ఇక్కడో గీత, నలభయ్యో పేజీ దగ్గర నలిగిన బస్ టికెట్టు, అక్కణ్ణుంచి వెనక అట్ట దాకా ఒక్క మరక ఉండదు. ఇంతకంటే నిజాయితీ గల సమీక్ష ఎవరూ రాయలేరు. చివరి అధ్యాయంలో కూడా గీతలున్న పుస్తకం దొరికితే మాత్రం ఆలోచించకుండా తీసేసుకోండి.

తర్వాతి పరీక్ష కాస్త నిర్దాక్షిణ్యమైనది: పుస్తకం నెత్తిన పెట్టుకున్న కంపెనీలు ఆ తర్వాత ఏమయ్యాయి? 2001లో అమెరికన్ మేనేజ్‌మెంట్ రచయిత జిమ్ కాలిన్స్ 'గుడ్ టు గ్రేట్' కోసం 1,435 కంపెనీలు వడపోసి గొప్పవని 11 తేల్చాడు. అందులో ఎలక్ట్రానిక్స్ అమ్మే సర్క్యూట్ సిటీ 2008లో దివాలా తీసి మరుసటేడు దుకాణాలన్నీ మూసేసింది, ఇళ్ల రుణాల వ్యాపారం చేసే ఫ్యానీ మేని అదే 2008లో అమెరికా ప్రభుత్వం తన అజమాయిషీలోకి తీసుకుంది. పుస్తకం మాత్రం మేనేజర్ల బల్లల మీద ఇప్పటికీ దర్జాగానే ఉంది.

మన ఊళ్లలో పోయినోళ్లంతా మంచోళ్లే. ఈ పుస్తకాల్లో పోయినోళ్లు అసలు కనపడరు. గెలిచినాయన తెల్లారి అయిదింటికి లేస్తాడని ఓ అధ్యాయం రాస్తారు, అదే అయిదింటికి లేచి కోరమంగళలో స్టార్టప్ మూసుకున్నవాడి గోడు వినేవాడు లేడు.

ఓటమి గురించి రాసినవాళ్లు లేకపోలేదు. అమెరికన్ పాత్రికేయుడు జాన్ బ్రూక్స్ 1969 నాటి 'బిజినెస్ అడ్వెంచర్స్'లో ఫోర్డ్ వారి ఎడ్సెల్ కారు ఎలా బోల్తా కొట్టిందో తీరిగ్గా చెప్పాడు. ఆ పుస్తకాన్ని, 1991లో పరిచయమైన కొద్దికాలానికే, వారెన్ బఫెట్ చదవమని బిల్ గేట్స్‌కు ఇస్తే, ఆ కాపీ ఇంకా తన దగ్గరే ఉందని గేట్స్ 2014లో రాశాడు. అంత ఉన్నాయనే అరువు పుస్తకం ఇరవై ఏళ్లకు పైగా తిరిగివ్వనప్పుడు, ఈఎంఐలు కట్టుకునే మనం కొనడమేంటండీ? వీడియో కాల్‌లో మీ టీమ్ లీడ్ వెనక కనిపించే అరలోంచి ఒకటి అడిగి తెచ్చుకోండి. తిరిగివ్వకపోయినా ఆయనకు తెలియదు, కాకపోతే బాగా లావుపాటిది తీయకండి, స్క్రీన్‌లో ఖాళీ కనపడుతుంది.