డ్వార్ఫ్‌కి మంత్రాలెందుకండీ?

శనివారం సాయంత్రమైతే చాలు, కుందలహళ్ళి నుంచి హెచ్ఎస్ఆర్ లేఅవుట్ దాకా బెంగళూరులోని మన తెలుగు పిల్లలు ఐదారుగురు చొప్పున ఏదో ఒక ఫ్లాట్‌లో చేరి డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతున్నారు. ఆడుకోనివ్వండి. పేకాట కంటే నయం, చేతిలో డబ్బు పోదు (రంగురంగుల పాచికలు కొనే ఖర్చు వేరే లెక్క). నా అభ్యంతరం ఆట మీద కాదు, అందులో పెరిగిపోతున్న అనాచారం మీద. ఎవరు ఏ జాతిలో పుట్టినా ఏ విద్యయినా నేర్చుకోవచ్చట! డ్వార్ఫ్ మంత్రగాడు కావచ్చట. హాఫ్లింగ్ పాలడిన్ అయి గుర్రమెక్కి ధర్మరక్షణ చేయవచ్చట. అడిగేవాడు లేడా?

ఆట తెలియని పెద్దల కోసం నాలుగు ముక్కలు. ఆడేవాళ్ళు తలా ఒక పాత్రను తయారు చేసుకుంటారు. ఆ పాత్రకి ఒక రేస్ ఉంటుంది: మనిషి, ఎల్ఫ్ (కోసు చెవుల వనవాసి), డ్వార్ఫ్ (గడ్డం పెంచిన పొట్టి గట్టివాడు), హాఫ్లింగ్ (మనిషిలో సగం ఎత్తువాడు). అది పుట్టుక. ఒక క్లాస్ ఉంటుంది: ఫైటర్ (యోధుడు), విజార్డ్ (మంత్రగాడు), క్లెరిక్ (పూజారి), రోగ్ (దొంగ). అది చేసే పని. అనుభవం పెరిగేకొద్దీ లెవెల్ పెరుగుతుంది. కథ నడిపేవాణ్ణి డీఎం, అంటే డంజన్ మాస్టర్ అంటారు. పుట్టుకకీ పనికీ ముడి ఎంత గట్టిగా వేయాలన్నదే ఈ ఆటలో యాభై ఏళ్ళుగా నలుగుతున్న గొడవ.

మొదట్లో అంతా పద్ధతిగానే ఉండేది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు ఈ ఆటను పుస్తకాలుగా అచ్చేసినప్పుడు డ్వార్ఫ్ అన్నవాడు కత్తి పట్టాల్సిందే, అదీ ఆరో లెవెల్ దాకానే. హాఫ్లింగ్‌కి నాలుగో లెవెల్‌తో సరి. ఎల్ఫ్ కత్తీ పట్టవచ్చు, మంత్రమూ చదవవచ్చు, కానీ కత్తిలో నాలుగు, మంత్రంలో ఎనిమిది దాటకూడదు. మనిషికి మాత్రం హద్దు లేదు. ఎంత కష్టపడితే అంత పైకి. మన దగ్గర పెళ్ళిచూపుల్లో కూడా ఇంత స్పష్టంగా మాట్లాడుకోరు.

1978 నాటి అడ్వాన్స్‌డ్ నిబంధనల్లో ఈ పద్ధతి ఇంకా నిగ్గు తేలింది. పాలడిన్ కావాలంటే మనిషై పుట్టాలి. పుడితే చాలదు, పాచికలు వేసి తేల్చే గుణాల్లో కరిస్మా, అంటే ఆకర్షణ, కనీసం 17 ఉండాలి. మూడు పాచికలు కలిపి వేస్తే 17 గానీ 18 గానీ పడే అవకాశం 216కి నాలుగు. అంటే సీటు మనిషికే రిజర్వు, మనుషుల్లోనూ మెరిట్ ఉన్నవాడికే. ఇక 1981లో వచ్చిన బేసిక్ పెట్టె మరీ ముచ్చటైనది. అందులో ఎల్ఫ్ అన్నదే ఒక క్లాస్. డ్వార్ఫ్ అన్నదే ఒక క్లాస్. "ఏం చేస్తుంటావు బాబూ?" అంటే "డ్వార్ఫ్‌నండీ" అని సమాధానం. పుట్టాడు, ఉద్యోగంలో చేరిపోయాడు, పన్నెండో లెవెల్‌లో రిటైరయ్యాడు. ఎంసెట్ లేదు, కోచింగ్ లేదు, అమ్మానాన్నలకు టెన్షన్ లేదు.

ఇలా ఎందుకు పెట్టారని అడిగేవాళ్ళకి గైగాక్స్ దగ్గర సమాధానం సిద్ధంగా ఉండేది. ఆయన ఊహించింది మనుషులు ఏలే లోకం. ఎల్ఫ్‌లు వందల ఏళ్ళు బతుకుతారు, చీకట్లో చూస్తారు, ఒకేసారి రెండు క్లాసులు చేస్తారు. వాళ్ళని ఆపకపోతే మనిషి పాత్రను ఎవరు తీసుకుంటారు? లోకాన్ని ఎవరు ఏలుతారు? కాబట్టి ఆపాలి. మనుషులే పైన ఉన్నారు కనక మిగతావాళ్ళు పైకి రాకూడదు, మిగతావాళ్ళు పైకి రాలేదు కనక మనుషులే గొప్ప. ఈ వాదనలో ఎక్కడా అతుకు కనబడదు. మా తాతగారి వరండాలో ఇదే వాదన, ఎల్ఫ్‌ల ఊసు లేకుండా, రోజూ సాయంత్రం వినేవాణ్ణి.

ఆ 1978 పుస్తకంలో ఇంకో పట్టిక ఉంది. ఏ జాతిలో ఆడపాత్రకి బలం ఎంత మించకూడదో అందులో ఉంటుంది. హాఫ్లింగ్ ఆడపిల్లకి 14, ఎల్ఫ్ ఆడపిల్లకి 16. 1989లో రెండో ఎడిషన్ వచ్చేసరికి దీన్ని తీసేశారు. మా కాంప్లెక్స్‌లో ఆడే పిల్లల్లో ఒకే ఒక్క అమ్మాయి ఉంది, ఐటీలో ఏడేళ్ళ అనుభవం. ఆ పట్టికను అటూ ఇటూ తిప్పి చూసి, "దీన్ని తీసేయలేదంకుల్, మా హెచ్ఆర్ వాళ్ళకి ఇచ్చేశారు" అంది. ఈ కాలపు పిల్లలకి చరిత్ర మీద గౌరవం లేదు.

పతనం 2000లో మొదలైంది. మూడో ఎడిషన్ పేరుతో ఎవరైనా ఏదైనా కావచ్చని తలుపులు బార్లా తెరిచారు. పూర్తిగా కాదు లెండి. ఒక్కో జాతికి ఒక ఇష్టవృత్తి మిగిల్చారు. డ్వార్ఫ్‌కి ఫైటర్, ఎల్ఫ్‌కి విజార్డ్, హాఫ్లింగ్‌కి రోగ్. ఆ దారి వదిలి రెండు మూడు క్లాసులను ఎగుడుదిగుడు లెవెళ్ళతో కలిపితే అనుభవంలో 20 శాతం కోత. ఇది మనకు బాగా తెలిసిన విధానమే: "నీ ఇష్టం నాన్నా, ఏదైనా చదువుకో. కానీ అమ్మకి బీపీ ఉంది, గుర్తుపెట్టుకో." 2015లో ఒక పుస్తకం కత్తీ మంత్రమూ కలిపే బ్లేడ్‌సింగర్ అనే విద్యను ఎల్ఫ్‌లకూ సగం ఎల్ఫ్‌లకూ మాత్రమే అని పెట్టింది. హమ్మయ్య అనుకునేలోపు 2020లో ఆ హద్దూ ఎగిరిపోయింది. 2024 పుస్తకంలోనైతే పుట్టుకతో వచ్చే బలం, తెలివి కూడా లేవు. ఆ అంకెలు పెరిగిన నేపథ్యాన్ని బట్టి వస్తాయట. ఓర్క్ అనే మోటు రాక్షసజాతి పిల్లవాడు బడికెళ్ళి పండితుడైతే తెలివి పెరుగుతుందట! ఇక పుట్టడం దేనికి?

ఈ దుస్థితిలో ఆటను ఉద్ధరించగలవాళ్ళు బెంగళూరు తెలుగువాళ్ళేనని నా నమ్మకం. అనుభవం ఉంది. తీరిక ఉంది. అన్నిటికీ మించి, ఆటలో పోయిన నియమాలను బయట పొల్లుపోకుండా కాపాడుకొస్తున్నాం.

మా మేనల్లుణ్ణే తీసుకోండి. వాడే ఆ గుంపుకి డీఎం. పాత నిబంధనల పేరెత్తితే కుర్చీలోంచి లేస్తాడు. "పద్దెనిమిది ఇంటెలిజెన్స్ ఉన్న ఎల్ఫ్‌ని పదకొండో లెవెల్ దగ్గర ఆపేయడమేంటి మావయ్యా? పుట్టుకని బట్టి సీలింగ్ పెడతారా ఎవరైనా? ఫాసిజం!" అంటాడు. ఆ రాత్రే పెళ్ళిసంబంధాల సైట్ తెరిచి కులం, ఉపకులం, ఆపైన జిల్లా, ఆపైన ఆస్తి టిక్కు పెట్టుకుంటూ కూర్చున్నాడు. ఆఖరికి ఇద్దరమ్మాయిలు మిగిలారు, అందులో ఒకరు వాడికి చెల్లెలి వరస. ఇదేమిట్రా అంటే, "అది వేరు మావయ్యా, అమ్మావాళ్ళ కోసం" అన్నాడు. నేను పొంగిపోయాను. ఎల్ఫ్‌లకి లేని క్రమశిక్షణ వాడికి ఉంది.

ఇంకొకాయన వైట్‌ఫీల్డ్‌లో రెండో ఫ్లాట్ కొన్నాడు. ఆటలో ఆయన పాత్ర సగం ఓర్క్, పేరు గ్రూమ్ష్ నాయుడు. మొన్న కథలో వీళ్ళ దండు వానలో తడుస్తూ ఒక సత్రానికి చేరింది. సత్రం యజమానిగా డీఎం, "సగం ఓర్కులకి గది ఇవ్వం, మిగతావాళ్ళు రావచ్చు" అన్నాడు. ఆయనకి నిజంగానే కళ్ళు ఎర్రబడ్డాయి. బల్ల గుద్దాడు. పుట్టుక చూసి తలుపు వేసే లోకంలో తాను ఆడనన్నాడు. పాచిక వేసి సత్రానికి నిప్పు పెట్టాడు, ఇరవైకి ఇరవై పడింది, అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్యలో ఫోన్ మోగింది. వైట్‌ఫీల్డ్ ఫ్లాట్ కోసం ఎవరో. ఆయన గొంతు తగ్గించి అడిగిన ప్రశ్నలు వరసగా ఇవి: ఫ్యామిలీనా, బ్యాచిలరా? వెజ్జా, నాన్‌వెజ్జా? తెలుగువాళ్ళా? ఏ ఊరు? ఇంటిపేరేంటి? ఆహా, అంటే మీరు... మనవాళ్ళేనా? కాదా? సరే సరే, నిన్ననే ఎవరో అడ్వాన్స్ ఇచ్చేశారండీ. ఫోన్ పెట్టేసి, "ఎక్కడున్నాం? సత్రం పూర్తిగా కాలిందా?" అన్నాడు.

ఈ నగరంలో బ్యాచిలర్ అన్నదే ఒక జాతి అని నేను ఎప్పట్నుంచో చెబుతున్నాను. గేటెడ్ కమ్యూనిటీ వాడికి నిషిద్ధం. పీజీ అతని ఇష్టవృత్తి. రాత్రి పదిన్నర తర్వాత చీకట్లో చూసే శక్తి వాడి దగ్గర కాదు, సెక్యూరిటీ దగ్గర ఉంటుంది.

మనుషులకి పాత పుస్తకంలో హద్దు లేదన్నాను కానీ ఒక మెలిక ఉంది. ఎల్ఫ్‌లు, డ్వార్ఫ్‌లలా మనిషి రెండు క్లాసులు ఒకేసారి చేయకూడదు. మారాలనుకుంటే పాత క్లాస్‌కి కావలసిన గుణంలో 15, కొత్తదానికి కావలసిన గుణంలో 17 ఉండాలి. అవి ఉన్నా మళ్ళీ ఒకటో లెవెల్ నుంచి మొదలు. కొత్త లెవెల్ పాతదాన్ని దాటేలోపు పాత విద్య వాడాడో, ఆ సాహసంలో సంపాదించిన అనుభవమంతా గోవిందా. బీటీఎం లేఅవుట్‌లో జావా కోర్సులో చేరిన మెకానికల్ ఇంజనీర్లకి దీన్ని వివరించాల్సిన పనిలేదు. మా పక్క ఫ్లాట్ అబ్బాయి అలాంటివాడే. ఆఫీసులో ఏసీ చెడిపోతే నోరు జారి కంప్రెసర్ గురించి నాలుగు మాటలు చెప్పాడు. ఆ ఏడాది రేటింగ్ పోయింది.

ఇక జిల్లాల సంగతి. ఇక్కడ మనవాళ్ళు ఎవరూ చెప్పకుండానే నిబంధనలు రాసేసుకున్నారు. గుంపులో కొత్తగా చేరిన అబ్బాయిది కడప. పేరు కూడా పూర్తిగా చెప్పకముందే నలుగురూ కలిసి వాడి చేతిలో బార్బేరియన్ (ఆవేశంతో నరికే మోటు యోధుడు) కాగితం పెట్టారు. "అన్నా, నాకు విజార్డ్ కావాల" అన్నాడు పాపం. వాడు ఛార్టర్డ్ అకౌంటెంట్, కోడిని కోస్తుంటే కళ్ళు మూసుకుంటాడు. "సీమ నుంచొచ్చి మంత్రాలేంట్రా, ఒకసారి తొడ కొట్టు" అన్నారు. సినిమాలు ఎంత మేలు చేశాయో చూడండి. కాకినాడ అబ్బాయిని బార్డ్ (పాటలు, మాటలతో నెట్టుకొచ్చేవాడు) చేశారు, మాట్లాడితే చాలు వెటకారం వస్తుందని. వాడు రోజుకి పది మాటలు మాట్లాడితే గొప్ప. నెల్లూరు అబ్బాయి ఏమీ అడక్కుండానే రోగ్ అయ్యాడు, అతని ముందు పర్సులు జేబుల్లోకి వెళ్ళాయి. ఎవరికీ అన్యాయం జరగలేదు. అందరూ నవ్వారు, కడప అబ్బాయి కూడా కొంచెం ఆలస్యంగా నవ్వాడు.

చిక్కల్లా సగం ఎల్ఫ్‌లతో. తండ్రి మనిషి, తల్లి ఎల్ఫ్ అయితే పిల్లవాణ్ణి ఏ పట్టికలో వేయాలి? పాత పుస్తకం వాడికి ప్రత్యేకంగా ఒక వరస పెట్టి, కొన్ని క్లాసుల్లో దారి తెరిచి, కొన్నింట్లో అడ్డుకట్ట వేసి ఎలాగోలా సర్దింది. 2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ దీనికి నాకు బాగా నచ్చిన పరిష్కారం కనిపెట్టింది. సగం ఎల్ఫ్, సగం ఓర్క్ రెండిటినీ జాబితాలోంచే తీసేసింది. మా బంధువుల్లో ఒకావిడ కన్నడం అబ్బాయిని చేసుకున్నాక ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో సరిగ్గా ఇదే జరిగింది. అమెరికా వాళ్ళకి ఈ ఆలోచన ఇంత ఆలస్యంగా తట్టడమే ఆశ్చర్యం.

ఈ విషయాలన్నీ ఆలోచించి, మన సొంత నిబంధనలు రాయడానికి ఒక కమిటీ వేశాం. మేనల్లుడు, వైట్‌ఫీల్డ్ ఓనరు, ఐటీ అమ్మాయి, కడప అబ్బాయి, అధ్యక్షస్థానంలో నేను. ఆంధ్రా మెస్ నుంచి భోజనాలు తెప్పించాం. వెజ్ ఒక బల్ల మీద, నాన్‌వెజ్ బాల్కనీలో. మొదటి తీర్మానం ఏకగ్రీవం: పుట్టుకని బట్టే క్లాస్ ఉండాలి, లెవెల్‌కి హద్దు ఉండాలి. ఐటీ అమ్మాయి చెయ్యెత్తలేదు కానీ వద్దనీ అనలేదు, ఫోన్ చూసుకుంటోంది.

రెండో అంశం, మనలో ఎవరు ఏ జాతి అన్నది. గొడవ పడకుండా ఎవరి అభిప్రాయం వాళ్ళు చీటీ మీద రాసివ్వాలనుకున్నాం. తన పేరు పక్కన ఒకటి, మిగతా నలుగురి పేర్ల పక్కన ఒక్కొక్కటి. చీటీలు విప్పి చదివాను. మేనల్లుడి చీటీలో మేనల్లుడు మనిషి. ఓనరు చీటీలో ఓనరు మనిషి. కడప అబ్బాయి చీటీలో కడప అబ్బాయి మనిషి, మేమంతా గాబ్లిన్లం. ఐటీ అమ్మాయి ఐదుగురి పేర్ల పక్కనా మనిషి అనే రాసింది. నింపడం రాలేదని ఆ చీటీని పక్కన పెట్టాం. నా చీటీ గురించి చెప్పనక్కర్లేదు, అధ్యక్షుడు మనిషి కాకపోతే సభ ఎలా నడుస్తుంది?

దాంతో ఆరో లెవెల్ దగ్గర ఆగిపోవడానికి ఒక్కరూ దొరకలేదు. డ్వార్ఫ్ లేకుండా నిబంధనలు రాయలేం కనక సమావేశం వాయిదా పడింది. మళ్ళీ వచ్చే శనివారం సాయంత్రం ఆరింటికి. డ్వార్ఫ్‌గా ఉండటానికి ఇష్టపడేవాళ్ళు తప్పకుండా రావాలి. భోజనం ఉచితం, విజిటర్స్ పార్కింగ్ ఉంది. గేటు దగ్గర ఇంటిపేరు చెబితే లోపలికి పంపిస్తారు.