పది నిమిషాల నర్సింగ్ కోర్సు

జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా చదవాలంటే 3 ఏళ్లు, బీఎస్సీ నర్సింగ్‌కైతే 4 ఏళ్లు. అంత కాలం దండగెందుకని మన ఆసుపత్రులు ఎప్పుడో దారి కనిపెట్టాయి. ఎవరూ పిలిచి శాలువా కప్పలేదంతే. పేషెంటును ఇంటికి పంపే రోజున, బిల్లు కట్టి రసీదు తెచ్చుకున్నాక, లిఫ్ట్ వచ్చేలోపు ఆ చదువంతా పది నిమిషాల్లో పూర్తి చేయిస్తున్నాయి. ప్రవేశ పరీక్ష లేదు, కౌన్సెలింగ్ లేదు. ఆ సమయానికి మంచం పక్కన నిలబడి ఉన్న కోడలై ఉంటే చాలు. కోడలు లేకపోతే కూతురు. కొడుకులూ అర్హులే గానీ, వాళ్లు సరిగ్గా అప్పుడే ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గరో, కారు తీయడానికి పార్కింగ్‌లోనో ఉంటారు.

సిలబస్ ఘనమైనదే. పక్షవాతం వచ్చిన మామగారికి ముక్కులో వేసిన రైల్స్ ట్యూబు ద్వారా జావ వడగట్టి పోయాలి. పోసేటప్పుడు తల ఎత్తుగా ఉండాలి, పోశాక కూడా కాసేపు పడుకోబెట్టకూడదు, లేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మూత్రం సంచి ఎప్పుడూ నడుముకన్నా కిందే వేలాడాలి. వీపున పుండ్లు పడకుండా 2 గంటలకోసారి పక్కకు తిప్పాలి. "అర్థమైంది కదమ్మా?" అంటుంది సిస్టర్. పాపం, ఆమెకు ఇంకా బోలెడు మంచాలున్నాయి. కోడలు తలూపుతుంది. స్నాతకోత్సవం అయిపోయింది. 2 గంటలకోసారి అంటే రోజుకు 12 సార్లని, అందులో అర్ధరాత్రి పన్నెండూ, రెండూ, నాలుగూ కూడా ఉంటాయని ఇంటికెళ్లాక తెలుస్తుంది. పాఠ్యపుస్తకం కూడా ఇస్తారండోయ్! డిశ్చార్జ్ సమ్మరీ అంటారు, ఇంగ్లీషులో ఉంటుంది. మామగారి పొటాషియం ఎంతో దశాంశంతో సహా ఉంటుంది, రాత్రిపూట ట్యూబు ఊడొస్తే ఎవరికి ఫోన్ చేయాలో మాత్రం ఉండదు. చివర్లో 'కండిషన్ స్టేబుల్' అని రాస్తారు. అది కోడలి గురించి కాదు.

ప్రభుత్వానికి గడప తొక్కడం రాదనుకోకండి. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను ఆశా కార్యకర్త 42 రోజుల్లో 6 సార్లు ఇంటికొచ్చి చూడాలి. 3వ రోజు, 7వ రోజు అంటూ లెక్క రాసి మరీ ఉంది. కాబట్టి మామగారు చేయవలసిందల్లా ఇప్పుడే పుట్టడం. మంచాన పడ్డ పెద్దవాళ్లను ఇంటికే వెళ్లి చూడాలని 2010లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య కార్యక్రమంలోనూ ఉంది. ఆ కాగితాన్ని కూడా 2 గంటలకోసారి ఎవరైనా తిప్పి ఉంటే బాగుండేది.

కేరళ 2008లోనే పాలియేటివ్ కేర్, అంటే నయం కాని జబ్బుల్లో బాధ తగ్గించే సేవల విధానం ప్రకటించింది, అక్కడ పంచాయతీల తరఫున నర్సులు ఇళ్లకు వెళ్తారు. ఆ రాష్ట్రపు నర్సులను మన కార్పొరేట్ ఆసుపత్రులు ఎప్పుడో తెచ్చుకున్నాయి. పద్ధతి మాత్రం ఇంకా వెయిటింగ్ లిస్టులోనే ఉంది. తెలంగాణలో పాలియేటివ్ కేంద్రాలున్నాయి గనుక, ఆర్‌ఏసీ అందాం.

డబ్బున్నవాళ్లకు బ్యూరోలున్నాయి. రిజిస్ట్రేషన్ ఫీజు కడితే 'నర్సు'ను పంపిస్తారు. ఆమె చదివిందీ మన పది నిమిషాల కోర్సేనని, అదీ వేరే ఎవరి ఇంట్లోనో నేర్చుకుందని రెండో రోజుకు అర్థమవుతుంది. వారం తిరక్కుండానే ఊళ్లో జాతరంటూ వెళ్లిపోతుంది. ఆమెను మాత్రం ఏమంటాం? 24 గంటల డ్యూటీ, బ్యూరో కమీషన్ పోగా మిగిలే జీతం. ఇక ఇన్సూరెన్స్ సంగతి: ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ఈ పని 'నర్సింగ్ చార్జీలు'. గుమ్మం దాటిందంటే చాలా పాలసీల దృష్టిలో అది అత్తింటి బాధ్యత.

అందుకే నాదొక విన్నపం. కోర్సు పూర్తిచేసిన కోడళ్లకు సర్టిఫికెట్ అయినా ఇవ్వాలి. రేపు పెళ్లి ప్రకటనల్లో 'ట్యూబ్ ఫీడింగ్, కాథెటర్ అనుభవం గల వధువు కావలెను' అని అడిగేవాళ్లకు ఆధారం చూపించవద్దూ? అయితే ఈ సర్టిఫికెట్ మాట బిల్లింగ్ కౌంటర్ దాకా పోనివ్వకండి. ఇప్పటిదాకా బిల్లులో పడని ఐటమ్ ఇదొక్కటే.