సోటో పోయినంత మాత్రాన కొంప మునిగిందా?

అమెరికా బేస్‌బాల్‌లో న్యూయార్క్ యాంకీస్ జట్టు స్టార్ బ్యాటర్ సోటో 2024 డిసెంబరులో అదే ఊరి మెట్స్ జట్టుకి మారడం మీద మీరు "హువాన్ సోటో మెట్స్‌కి వెళ్లిపోయాడు, ఇక యాంకీస్ పని అయిపోయినట్టే" అని రాశారు. అంత తేలిగ్గా తీసిపారేయకండి సార్. మెట్స్ అతనికిచ్చింది 15 ఏళ్లకు 76.5 కోట్ల డాలర్లు! ఐపీఎల్ వేలంలో లాగా జట్టుకింత పర్సు అని గిరి గీయరు కాబట్టి అక్కడ చెల్లుతుంది. జీతాల మొత్తం ఒక హద్దు దాటితే లగ్జరీ ట్యాక్స్ అని అదనపు పన్ను కడతారు, అంతే.

సోటో పోయాక యాంకీస్ చేతులు కట్టుకుని కూర్చోలేదుగా. పిచర్ (బంతి విసిరేవాడు) మాక్స్ ఫ్రీడ్‌కి 8 ఏళ్లకు 21.8 కోట్ల డాలర్లు ఇచ్చారు. బ్యాటర్ బెలింజర్‌నీ, పిచర్ డెవిన్ విలియమ్స్‌నీ ట్రేడ్‌లో (వేరే జట్లతో మార్పిడిలో) లాక్కొచ్చారు. బ్యాటర్ గోల్డ్‌ష్మిట్ ఒక్క ఏడాదికి 1.25 కోట్ల డాలర్లకే వచ్చాడు (అప్పటికే 37 ఏళ్లు, అక్కడ మాత్రం నాకూ అనుమానమే).

అసలు డాడ్జర్స్ జట్టుతో ఆడిన 2024 వరల్డ్ సిరీస్ (ఫైనల్ పోరు) ఐదో మ్యాచ్ మర్చిపోయారా? యాంకీస్ 5-0తో ముందున్నారు. ఐదో ఇన్నింగ్స్‌లో యాంకీస్ ఆటగాడు ఆరన్ జడ్జ్ చేతిలో పడ్డ క్యాచ్ జారవిడిచాడు, సహచరుడు వోల్పీ త్రో గాడి తప్పింది, డాడ్జర్స్ బ్యాటర్ బెట్స్ కొట్టిన నేలబారు బంతికి యాంకీస్ పిచర్ కోల్, బ్యాటర్‌ని ఔట్ చేయడానికి ఫస్ట్ బేస్ వైపు పరుగెత్తనే లేదు. డాడ్జర్స్‌కి అప్పనంగా ఐదు రన్లు! అప్పుడు సోటో జట్టులోనే ఉన్నాడు మరి. ఫీల్డింగ్ బాగుపడకుండా ఎంతమంది బ్యాటర్లను కొంటే ఏం లాభం? యాంకీస్ సెకండ్ బేస్ ఫీల్డర్ గ్లేబర్ టోరెస్ కూడా అప్పుడే డెట్రాయిట్ జట్టుకి వెళ్లిపోయాడు, ఇన్‌ఫీల్డ్‌లో (బేస్‌ల దగ్గరి ఫీల్డింగ్‌లో) ఆ ఖాళీ ఎలా పూడ్చారో దాని మీద రాయండి, చదువుతాం.